హోటళ్ల లోపల పొగ: 200 జరిమానా చాలునా?

హనుమకొండ టీచర్:
మొన్న వానలో హనుమకొండ బస్టాండ్ దగ్గర ఒక చాయ్ హోటల్లోకి వెళ్లాం, నేనూ నాన్నా. ఆయనకు ఆస్తమా. పక్క టేబుల్లో ముగ్గురు సిగరెట్లు ముట్టించారు. గోడకు పొగ తాగరాదనే బోర్డు ఉంది, దాని కిందే సాసర్ నిండా పీకలు. ఓనర్‌కు చెబితే "గిరాకీ పోతది సార్" అన్నాడు. చాయ్ రాకముందే నాన్న ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని వానలోకి నడిచారు. వారం గడిచినా నాకు కోపం తగ్గలేదు.

చట్టం లేక కాదు. 2003 పొగాకు చట్టం 4వ సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం హోటళ్లు, ఆఫీసులు, సినిమా హాళ్లు అన్నీ దాని కిందే ఉన్నాయి. కానీ జరిమానా 200 దాటదు. పైగా కనీసం 30 గదుల హోటల్, 30 సీట్ల రెస్టారెంట్ అయితే పొగకు విడిగా చోటు పెట్టుకోవచ్చు. తలుపు తీసిన ప్రతిసారీ ఆ పొగ బయటికి రాదా? ఆ మినహాయింపు తీసేయాలి, జరిమానా పెంచాలి.

కోరుట్ల బిడ్డ:
సార్, నాన్నగారికి జరిగింది తప్పే. కానీ ఫైన్ పడేది ఏసీ బార్లో కూర్చున్నవాడికి కాదు, బస్టాండ్లో బీడీ ముట్టించిన హమాలీకి. ఇంకో మాట. మా అమ్మ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, వెయ్యి చేస్తేనే లెక్క. నెలలో సగం రోజులు కూడా పని దొరకడం లేదు. నిజామాబాద్ నుంచి సిరిసిల్ల దాకా ఎన్ని ఇళ్లు దీని మీద బతుకుతున్నాయో మీకు తెలియనిది కాదు.

కాజీపేట చాయ్:
నాదీ హోటలే. నేనొక్కడినే వద్దంటే గిరాకీ పక్క హోటల్‌కు పోతుంది. అందరికీ ఒకేలా అమలు చేస్తే నాకూ చెప్పే ధైర్యం వస్తుంది. మా దగ్గర గ్లాసులు కడిగే పెద్దాయన జీవితంలో సిగరెట్ ముట్టలేదు, గల్లా కట్టేసేదాకా దగ్గుతూనే ఉంటాడు. వచ్చినవాళ్లు పది నిమిషాల్లో పోతారు, ఆయన పొద్దంతా ఆ పొగలోనే.

హనుమకొండ టీచర్:
తమ్ముడూ, హమాలీ మాట ఒప్పుకుంటున్నాను. అందుకే ముందు ఓనర్‌ను పట్టుకోవాలంటాను. యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ లోపల ఇవ్వకూడదని 2008 రూల్స్‌లోనే ఉంది. ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే లోపల ఎంతమంది తాగారో అన్ని జరిమానాలు అతనే కట్టాలి. అడిగే నాథుడే లేడు. ఇదే చట్టాన్ని సవరించి 2024లో మన అసెంబ్లీ హుక్కా పార్లర్లను మూయించింది కదా, చాయ్ హోటల్ దగ్గరికి వచ్చేసరికి చేతకాదా? అమ్మగారి పనికి దీనివల్ల గండి పడదు, తాగేవాడు గడప దాటి తాగుతాడు. ఆమెకు తంబాకు దుమ్ముతో దగ్గు లేదా?

కోరుట్ల బిడ్డ:
ఉంది సార్. రాత్రిళ్లు ఎక్కువ. పీఎఫ్ ఉంది కాబట్టి 2016 రూపాయల బీడీ పింఛను వస్తోంది, దానితో ఇల్లు గడవదు. వేరే పని చూపించమని మేం ఎప్పటినుంచో అడుగుతున్నాం. హోటల్ లోపల నిషేధానికి నేను అడ్డు చెప్పను. పెంచే ఫైన్ మాత్రం ఓనర్ మీదే అని చట్టంలో రాయాలి. హమాలీ జేబు జోలికి రావద్దు.