బ్రూజ్‌లో గైడ్‌తో నడక: మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మకి కుదురుతుందా?

సుధారాణి:
అందరికీ నమస్కారం. మే నెల మధ్యలో అమ్మ నా దగ్గరికి బ్రస్సెల్స్ వస్తోంది. ఒకరోజు ఇక్కడి పాత కాలువల ఊరు బ్రూజ్ చూపిద్దామని ఉంది. అమ్మకి 64 ఏళ్లు. నడుస్తుంది గానీ ఎడమ మోకాలు నొప్పి, ఆగకుండా 20 నిమిషాలు దాటితే ఇబ్బంది పడుతుంది. ఇంగ్లీషు అర్థమవుతుంది, గబగబా మాట్లాడితే మాత్రం అందుకోలేదు.

గైడ్‌తో రెండు గంటల నడక బుక్ చెయ్యమంటారా, లేక కాలువలో పడవ ఎక్కించి, కాసేపు ఎక్కడైనా కూర్చోబెట్టి తీసుకొచ్చేస్తే చాలా? కిందటేడు ఇంకో ఊళ్లో ఇలాంటి నడకకి వెళ్లాను. ముప్పై మంది గుంపు, వెనకున్న నాకు సగం వినపడనే లేదు. విన్న సగంలో రాజుల పేర్లూ సంవత్సరాలే. అమ్మకి అలా కాకూడదు. తను సోషల్ టీచరుగా రిటైరయింది. ఏది చూసినా "ఇది ఇక్కడెందుకుంది?" అని అడుగుతుంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పద్మజ, గెంట్:
సుధారాణి గారూ, గైడ్‌ని పెట్టుకోండి. సోషల్ టీచరు అన్నారు కాబట్టి ఇంకా గట్టిగా చెబుతున్నాను.

నేను ఏడేళ్లుగా గెంట్‌లో ఉంటున్నాను. మొదటిసారి నేనూ మావారూ సొంతంగా వెళ్లి బ్రూజ్‌లో ఐదు గంటలు తిరిగాం. ఫోన్ నిండా ఫొటోలొచ్చాయి. ఇంటికొచ్చాక "బాగుంది" అన్న ఒక్క మాట తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. తర్వాత నాన్న వచ్చినప్పుడు గైడ్‌ని మాట్లాడుకుని వెళ్లాను. ఆ ఊరి కథంతా నీళ్ల కథేనని, అందులో చాలా నీళ్లు ఇప్పుడు కనపడవని అప్పుడు తెలిసింది.

మా గైడ్ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన పెద్దావిడ. మార్క్ట్ అనే పెద్ద కూడలిలో మొదలుపెట్టాం. చుట్టూ అందరూ తలెత్తి 83 మీటర్ల గంటల గోపురాన్ని చూస్తున్నారు. ఆవిడ మమ్మల్ని తూర్పు వైపుకి తిప్పి నిలబెట్టింది. ఇప్పుడు అక్కడున్న భవనం చూడటానికి ఎంతో పాతదిలా ఉంటుంది గానీ 19వ శతాబ్దంలో మొదలుపెట్టి కట్టింది. ఆ చోట ఒకప్పుడు నీటి మీదే కట్టిన పెద్ద సరుకుల శాల ఉండేదట, పేరు వాటర్‌హాలె. పడవలు నేరుగా దాని కప్పు కిందికే వచ్చేవి. వానలో కూడా సరుకు తడవకుండా దించేవారు. 1787లో దాన్ని పడగొట్టేశారు. ఊరి నడిబొడ్డులో పడవలు ఆగేవంటే నాన్న నమ్మలేక, కాళ్ల కింద రాళ్లనే చూస్తూ నిలబడిపోయారు.

ఇక సముద్రం సంగతి. 1134లో వచ్చిన పెద్ద తుపాను తీరాన్ని కోసేసి జ్విన్ అనే పాయని తెరిచింది. ఓడలకి దారి దొరికింది. పెద్ద ఓడలు ఊరిదాకా రాలేవు కాబట్టి డామె అనే రేవులో, ఆ తర్వాత స్లౌస్‌లో సరుకు చిన్న పడవల్లోకి మార్చి కాలువల మీద తెచ్చేవారు. ఇంగ్లండు నుంచి ఉన్ని వచ్చేది, ఇక్కణ్ణించి మేలు రకం బట్ట వెళ్లేది. ఆ పాయలో ఇసుక మేట వేస్తూ వేస్తూ, 1500 ప్రాంతానికి వ్యాపారమంతా ఆంట్వెర్ప్‌కి తరలిపోయింది. చేతిలో డబ్బు లేని ఊళ్లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేదెవరు? మనం ఇవాళ మురిసిపోయి చూసే వీధులు అలా మిగిలినవే. అమ్మగారి "ఎందుకుంది" అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. అందుకే గైడ్‌ని ముందే అడగండి, రాజుల కంటే నీళ్ల గురించి ఎక్కువ చెప్పమని. మేం అలాగే అడిగాం, ఆవిడ ముఖం వెలిగిపోయింది.

మా నాన్న బ్యాంకులో పనిచేశారు. వ్లామింగ్‌స్ట్రాట్‌లో ఒక ఇంటి ముందు పది నిమిషాలు కదల్లేదు. అది వాన్ డెర్ బ్యూర్జె అనే సత్రం యజమానుల ఇల్లు. వర్తకులు అక్కడ చేరి లెక్కలు, హుండీలు (డబ్బు చెల్లింపు పత్రాలు) చూసుకునేవారు. యూరప్ భాషల్లో స్టాక్ ఎక్స్ఛేంజీకి వాడే "బూర్స్" అన్న మాట ఆ ఇంటి పేరు మీదే వచ్చిందంటారు. పక్కనే 1399 నాటి జెనోవా వర్తకుల భవనం. దారిన పోయేవాళ్లెవరూ అక్కడ ఆగడం చూడలేదు, నేనూ మొదటిసారి ఆగలేదు.

ఇంకో మాట. అవర్ లేడీ చర్చి వెనక చిన్న రాతి వంతెన ఉంటుంది, బోనిఫాసియస్ వంతెన. మధ్యయుగాలదే అనిపిస్తుంది, కానీ కట్టింది 1910లో. ఆ మాట దాచకుండా చెప్పిన గైడ్‌ని మీరు మిగతా విషయాల్లోనూ నమ్మొచ్చు.

చివర్లో బెగైన్‌హోఫ్ తప్పకుండా చూడండి. 1245లో మొదలైన ఆడవాళ్ల వాడ అది. బెగైన్లు అంటే జీవితాంతపు వ్రతాలు పట్టకుండా, తమ కష్టంతో బతుకుతూ, కలిసి ప్రార్థన చేసుకుంటూ ఉండే స్త్రీలు. కావాలంటే బయటికెళ్లి పెళ్లి చేసుకోవచ్చు, ఆస్తి ఉంచుకోవచ్చు. 13వ శతాబ్దంలో ఆడవాళ్లకి అలాంటి చోటు ఉండేదని నాకు ఊహకైనా రాలేదు. ఇప్పుడు అందులో బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్నారు, లోపల గట్టిగా మాట్లాడకూడదు. మా గైడ్ చెప్పాల్సిందంతా గేటు ముందు వంతెన మీదే చెప్పేసి, తర్వాత మౌనంగా లోపలికి తీసుకెళ్లింది. తెల్లటి ఇళ్లు, నడుమ ఎత్తయిన చెట్లు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎందుకో నేను అడగలేదు.

శ్రీనివాస్:
నేను మాత్రం పడవే చాలంటాను. మా అత్తగారిని తీసుకెళ్లాం, అరగంటలో ఊరంతా కూర్చునే చూశారు. మోకాలికి శ్రమ లేదు. పడవ నడిపే ఆయనే అన్నీ చెబుతాడు.

గోపురం ఎక్కే ఆలోచన ఉంటే మానుకోండి. 366 మెట్లు, లిఫ్టు లేదు, పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకు. వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవే, మెత్తటి అడుగున్న బూట్లు వేయించండి. మే అన్నారు కాబట్టి తేదీ చూసుకోండి. ఈస్టర్ తర్వాత వచ్చే అసెన్షన్ గురువారం నాడు, క్రీస్తు రక్తమని నమ్మే అవశేషాన్ని తిప్పే పవిత్ర రక్తం ఊరేగింపు ఉంటుంది. అది చూడాలనుకుంటే సరే, ప్రశాంతంగా నడవాలంటే ఆ రోజు వద్దు.

పద్మజ, గెంట్:
శ్రీనివాస్ గారూ, పడవ నాకూ ఇష్టమే. కాకపోతే పడవలో ప్రశ్న అడిగే వీలుండదు. వంతెన దాటేసరికి ఆ మాట వెనకబడిపోతుంది. ముందు నడక, తర్వాత పడవ పెట్టుకుంటే, గైడ్ చెప్పినవన్నీ నీటి మీంచి మళ్లీ గుర్తుపట్టొచ్చు.

సుధారాణి గారూ, గుంపు నడక వద్దు, విడిగా గైడ్‌ని తీసుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ అమ్మగారి కాలుని బట్టి వేగం మీ చేతిలో ఉంటుంది. నడవాల్సిన దూరం కూడా పెద్దగా లేదు. ముందే మెయిల్ రాసి మూడు సంగతులు చెప్పండి: మోకాలు, మధ్యమధ్యలో మీరు తెలుగులో చెప్పాల్సి ఉంటుందని, ఎక్కడెక్కడ కూర్చునే చోటుందో చూసుకోమని. నేను నాన్నకి ప్రతి వాక్యం కాకుండా, గైడ్ ఒక చోట చెప్పడం పూర్తయ్యాక మొత్తం కలిపి చెప్పేదాన్ని. అలా చేస్తే ఇద్దరికీ హాయి.

సుధారాణి:
నిన్న వెళ్లొచ్చాం. పద్మజ గారూ, మీరు చెప్పినట్టే మెయిల్ రాశాను. గైడ్ మాకోసం ఐదు చోట్ల బెంచీలు చూసి పెట్టాడు.

మార్క్ట్ మధ్యలో ఉన్న బ్రైడెల్, డె కోనింక్ విగ్రహాల దగ్గర, ఊరివాళ్లు ఫ్రెంచి పాలన మీద తిరగబడిన 1302 కథ చెప్పాడు. తెల్లవారుజామున ఊళ్లో ఉన్న ఫ్రెంచివాళ్లని పట్టుకోవడానికి "స్ఖిల్డ్ ఎన్ వ్రీండ్" (డాలు, స్నేహితుడు) అనమన్నారట, సరిగ్గా పలకలేనివాళ్లని చంపేశారట. అమ్మ ఆ మాట నాలుగుసార్లు అని చూసుకుంది. "నోరు తిరగకపోతే ప్రాణం పోవడమేంటే" అని చాలాసేపు బాధపడింది.

ఇసుక మేట సంగతి విన్నాక, నేను తెలుగులో చెప్పడం పూర్తికాకుండానే "మరి తవ్వించలేదా?" అని అడిగింది. గైడ్ ఆగి, ఇంకో బెంచీ మీద మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. లాన్సెలాట్ బ్లోండేల్ అనే చిత్రకారుడు 1546లో సముద్రానికి కొత్త కాలువ తవ్వడానికి పథకం గీసిచ్చాడట. అప్పుడు అది సాగలేదు. చివరికి 1907లో జేబ్రుగె రేవు ప్రారంభమైంది. ఆ పేరుకి అర్థం "సముద్రపు బ్రూజ్" అట. అమ్మ తన చిన్న నోట్‌బుక్ తీసి ఆ రెండు సంవత్సరాలూ రాసుకుంది.

రైల్లో వస్తుంటే ఆ జ్విన్ పాయ ఇప్పుడెలా ఉందో చూడాలంది. అది పక్షుల రక్షిత ప్రాంతమట కదా, ఆదివారం వెళ్దామనుకుంటున్నాం. పద్మజ గారూ, మీరెప్పుడైనా వెళ్లారా? అక్కడి దారి మోకాలికి ఎలా ఉంటుంది?