గ్రాహకాల సార్టింగ్‌కు ‘వర్గీకరణ’ సరిపోతుందా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థుల కోసం కణజీవశాస్త్ర పాఠం రాస్తున్నాను. కణం తన ఉపరితలం మీది గ్రాహకాలను (బయటి పదార్థాలను, సంకేతాలను పట్టుకునే ప్రోటీన్లను) లోపలికి తీసుకుని, వాటిలో కొన్నిటిని విచ్ఛిత్తికి పంపడాన్ని సార్టింగ్ అంటారు కదా. ‘వర్గీకరణ’ అని రాయవచ్చా అండీ?

జవాబు: వద్దండీ. వర్గీకరణ అంటే ఏది ఏ తరగతిదో తేల్చడం. కూర్చున్న చోటే చేయవచ్చు. ఇక్కడ ఒక్కో గ్రాహకాన్ని పట్టుకుని ఒక దారి పట్టించాలి.

‘ఏరు’ అనే క్రియను చూడండి. చేలో వేరుసెనగ కాయలు ఏరుకుంటాం, బియ్యంలో రాళ్లు ఏరివేస్తాం. ‘కొను’ చేరితే ఉంచుకోవడానికి, ‘వేయు’ చేరితే పారవేయడానికి. కణం శ్రమపడేది ఈ రెండోదానికే. ఇనుమును తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం ఎండోజోమ్‌లో (లోపలికి తీసుకున్నవి ముందుగా చేరే తిత్తిలో) ఆ ఇనుమును దించి, పొరతో పాటే మళ్లీ పైకి చేరుతుంది. ఆ గ్రాహకాన్ని ప్రత్యేకంగా ఏరుకోనక్కర్లేదు. ఈజీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్‌ను అందుకునే గ్రాహకం సంగతి వేరు. పెరుగుదల సంకేతం అందాక సీబీఎల్ అనే ప్రోటీన్ దానికి యుబిక్విటిన్‌ను తగిలిస్తుంది. 76 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీనే గుర్తు. ఎస్కార్ట్ అనే ప్రోటీన్ బృందాలు ఆ గుర్తును పట్టుకుని, గ్రాహకాన్ని ఎండోజోమ్ లోపలివైపు ఏర్పడే బుల్లి తిత్తుల్లోకి చేరుస్తాయి. చివరికి కణంలోని జీర్ణ తిత్తి అయిన లైసోజోమ్‌లో అన్నీ జీర్ణమైపోతాయి.

తిత్తిలోకి ఎందుకంటే, గ్రాహకం తోక కణద్రవ్యంలో ఉన్నంతసేపూ ‘పెరుగు, పెరుగు’ అని చెబుతూనే ఉంటుంది. లోపలికి పోయాకే ఆ సంకేతం ఆగుతుంది. కొన్ని రక్త క్యాన్సర్లలో సీబీఎల్ జన్యువు దెబ్బతిని కనిపిస్తుందంటే ఈ పని ఎంత ముఖ్యమో చూడండి. కాబట్టి ‘ఏరివేత’ అనండి. అనర్హుల ఏరివేత అని పత్రికల్లో చదివే విద్యార్థికి ఆ మాట కొత్త కాదు.

మరొక సభ్యులు: మరి రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులను పట్టుకునే గ్రాహకం? పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ అంటుకుంటే అదీ లైసోజోమ్‌కే పోతుంది. అదీ ఏరివేతేనా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. మామూలుగా ఆ గ్రాహకం ఎండోజోమ్‌లోని ఆమ్లానికి ముడుచుకుని, కొలెస్ట్రాల్ రేణువును వదిలేసి పైకి తిరిగి వస్తుంది. పీసీఎస్‌కే9 అంటుకుని ఉంటే ముడుచుకోలేదు, తిరుగుదారి తప్పుతుంది. దీన్ని ‘మళ్లింపు’ అంటేనే బాగుంటుంది. 2015లో వాడుకలోకి వచ్చిన యాంటీబాడీ మందులు ఆపేది ఈ మళ్లింపునే. గ్రాహకాలు మిగులుతాయి, రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది.

పాఠం శీర్షికలో ‘ఏరివేత’ ఉంచి, ఎల్‌డీఎల్ గ్రాహకం భాగంలో ‘మళ్లింపు’ వాడండి. ‘క్షీణత’ మాత్రం ఎక్కడా రాయకండి. దానంతటదే తరిగిపోయేదానికి ఆ మాట. ఇది కణం పనిగట్టుకుని చేసే విచ్ఛిత్తి.