ముందు కొవ్వు కరిగించాలా, ముందు కండ పెంచాలా, రెండూ కలిపి చేయొచ్చా?

బురుజు నీడ (కర్నూలు):
నాకు 34 ఏళ్లు. ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు, బొడ్డు దగ్గర టేపు పెడితే 42 అంగుళాలు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా బట్టల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమే నా పని. ఇంతవరకు ఏ బరువూ ఎత్తినవాణ్ణి కాదు. పోయిన నెల ఇంటి దగ్గర జిమ్ములో చేరితే అక్కడి ట్రైనర్, "మూడు నెలలు ట్రెడ్‌మిల్ ఒక్కటే చెయ్యన్నా. 80 కిలోలకు దిగినాక బరువులు పట్టుకుందువు. ఇప్పుడే పట్టుకుంటే కొవ్వు లోపలే గట్టిపడిపోతుంది" అన్నాడు. మా చిన్నాన్న కొడుకు తాలీంకు, అంటే కుస్తీ సాధన చేసే చోటికి, పోతాడు. వాడేమో "ముందు బాగా తిని కండ పెంచు, కొవ్వు సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంటాడు. మూడు వారాలు ట్రెడ్‌మిల్ మీద నడిచినా. మోకాళ్లు నొప్పులు, పైగా విసుగు.

తిండి చెప్పమంటే: పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం అన్నం పప్పు, కొట్లో మూడు నాలుగు టీలు, రాత్రి పదిన్నరకు జొన్నరొట్టె, ఏదో ఒక కూర. ఆదివారం చికెన్.

రెండూ ఒకేసారి చేయడం కుదరదా? చేసి చూసినవాళ్లు చెప్పండి. మా నాన్నకు యాభై నిండకముందే షుగర్ వచ్చింది, అందుకే ఇంతగా అడుగుతుండా.

తాలీం మనిషి (కర్నూలు పాత ఊరు):
మీ చిన్నాన్న కొడుకు చెప్పిందే కరెక్టప్పా. 20 ఏండ్లుగా తాలీంలో మట్టి తొక్కుతుండా. కడుపు మాడ్చుకుని కండ పెంచినోణ్ణి ఒక్కణ్ణి చూల్యా. ఒక చేత్తో నారు నాటుతా, ఇంకో చేత్తో పీకుతా ఉంటే మడి ఎప్పుడు పచ్చబడేది? ఆరు నెలలు దండిగా తిను, దండీలు (పుషప్‌ల మాదిరి), బస్కీలు (గుంజీలు) తియ్యి, రాతి గుండు ఎత్తు. ఒంట్లో సత్తువ వచ్చినాక పొట్ట సంగతి చూడు. తినకుండా ఎత్తితే మూడో వారానికే మంచం పడతావు.

అనంత ఫిజియో (అనంతపురం):
నా వృత్తి ఫిజియోథెరపీ. ముందు ఆ ట్రైనర్ మాట పక్కన పెడదాం. బరువులెత్తితే కొవ్వు గట్టిపడటం అనేది లేనే లేదు. కొవ్వు వేరు, కండ వేరు, ఒకటి ఇంకోటిగా మారదు.

తాలీం అన్న మాటలో సగం నిజముంది. కండ కట్టాలంటే ఒంటికి శక్తి కావాలి. కానీ ఆ శక్తి పళ్లెంలోంచే రావాలని లేదు. మా జిల్లా లెక్కలో చెప్తాను. వానలు లేని ఏడు కూలీలను పెట్టి గట్టు వేయించడం గాదె ఖాళీగా ఉన్నవాడి వల్ల కాదు. గాదె నిండుగా ఉన్నవాడు ఆ గింజలే కొలిచిచ్చి పని చేయించుకుంటాడు. 96 కిలోల మనిషి గాదె నిండుగానే ఉంది: కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు దాగి ఉంటాయి. అయితే గట్టుకు రాళ్లు కూడా కావాలి, అవి గాదెలో దొరకవు. ఆ రాళ్లే ప్రొటీన్, రోజూ బయటినుంచి తెచ్చుకోవాల్సిందే. ఇక గట్టు వేయాల్సిన అవసరం ఉందని ఒంటికి తెలిసేది బరువులెత్తినప్పుడే.

ఇది నా ఊహ కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్లు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒళ్లున్న కుర్రాళ్లు, నాలుగు వారాలు, ఒంటికి కావలసినదానికన్నా 40 శాతం తక్కువ తిండి, వారానికి ఆరు రోజులు గట్టి వ్యాయామం. కిలో శరీర బరువుకు 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవాళ్లకు కొవ్వు 4.8 కిలోలు తగ్గింది, కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవాళ్లకు కొవ్వు 3.5 కిలోలు తగ్గింది, కండ మాత్రం ఉన్నది ఉన్నట్టే నిలిచింది. వాళ్లలా చేయమని చెప్పడం లేదు. వాళ్లకు తిండి కొలిచి పెట్టారు, దగ్గరుండి చేయించారు. "కుదరదు" అన్న మాట నిలవదని చెప్పడానికే ఇది ఎత్తాను. కొత్తవాళ్లకు, అందులోనూ ఒళ్లున్నవాళ్లకు, ఇది అందరికన్నా తేలిగ్గా కుదురుతుంది. ఏళ్లతరబడి సాధన చేసి సన్నగా, గట్టిగా ఉన్నవాళ్లకే కష్టం. తాలీం అన్న చూసిందంతా అలాంటివాళ్లనే అయ్యుంటుంది.

పాలకొండల బాటసారి (కడప):
పరిశోధనలో కుదిరింది, సరే. పొద్దున పోయి రాత్రి దాకా కొట్లో కూర్చునే మనిషికి కుదురుతుందా? నాకు 52. పద్నాలుగు నెలల్లో 19 కిలోలు తగ్గినాను. చేసింది రెండే పనులు: పొద్దున గంట నడక, రాత్రి అన్నం మానేయడం. నేను నడక మొదలుపెట్టినప్పుడే జిమ్ములో చేరినోళ్లు నలుగురుండారు. మూడురోజులు బరువులు, మూడురోజులు పరుగు, ఉడకబెట్టిన గుడ్ల లెక్క, పాల లెక్క, నిద్ర లెక్క. రెండో నెలకు నలుగురూ మానేసినారు. ఒక్క పనిని అలవాటు చేసుకునేదానికే నాకు ఆరు నెలలు పట్టింది. తమ్ముడికి నేను చెప్పేదొక్కటే, ముందు నడువు. అది నీ ఒంటికి పట్టినాక ఇంకోటి కలుపుకో. అన్నీ ఒకేసారి తలకెత్తుకుంటే అన్నీ కింద పడతాయి.

కోడుమూరు ఆడపడుచు (కర్నూలు జిల్లా):
బాటసారి అన్నా, మీ పట్టుదలకు దండం. ఒక్కటి అడుగుతా, నిజం చెప్పండి. తగ్గినాక బలం ఎట్లుంది? నిండు గ్యాస్ సిలిండర్ గడప దాటించగలరా? గ్యాస్ 14.2 కిలోలు, ఇనుము బరువు కలిపితే 30 దగ్గరికొస్తుంది.

నేనెందుకు అడుగుతుండానంటే, నాకు 41. రెండేళ్ల కింద మూడు నెలల షుగర్ పరీక్షలో 6.2 వచ్చింది, అంటే షుగర్ అంచున ఉన్నట్టు. మొదట నేనూ తిండి తగ్గించి నడిచినా. 7 కిలోలు పోయినాయి, దాంతోపాటు చేతుల్లో సత్తువా పోయింది. మెట్లెక్కితే తొడలు వణికేవి. ఆరు నెలల్లో 5 కిలోలు తిరిగొచ్చినాయి. రెండోసారి ఇంట్లోనే బరువులు మొదలుపెట్టినా. కుర్చీలో కూర్చొని లేవడం, గోడకు చేతులానించి తోయడం, 5 లీటర్ల నూనె క్యాన్లో నీళ్లు నింపి నడుముదాకా లాగడం, తర్వాత అదే పని 20 లీటర్ల నీళ్ల క్యానుతో. వారానికి మూడు రోజులు, 35 నిమిషాలు. రెండు నెలలు కాటా ఒక్క కిలో కూడా కదల్లేదు. ఏడ్చినా కూడా. కానీ పెళ్లినాటి జాకెట్టు పట్టింది. టేపుతో చూస్తే నడుము దగ్గర రెండంగుళాలు తగ్గింది. అప్పటినుంచి కాటా వారానికొకసారే ఎక్కుతా, టేపునే నమ్ముతా.

పాలకొండల బాటసారి:
అక్కా, అడిగినావు కాబట్టి దాచను. సిలిండర్ మా అబ్బాయి ఎత్తుతాడు. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేను, ఇది ఈ ఏడాదే వచ్చింది. వయసని సరిపెట్టుకున్నా. అయినా నా మాట మాత్రం మారదు. అలవాటు కానిది ఎంత మంచిదైనా మనిషి దగ్గర నిలవదు.

అనంత ఫిజియో:
బాటసారి గారూ, అది ఒక్క వయసు వల్లే కాదు. బరువులు పట్టకుండా తిండి తగ్గించి బరువు తగ్గితే, పోయినదాంట్లో దాదాపు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉంటుంది. 19 కిలోల్లో అది ఎంతో మీరే లెక్క వేసుకోండి. మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2. అదే బరువులో మనకు కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా లాక్కొని దాచుకునేది కండే. తండ్రికి షుగర్ ఉన్న మనిషి ఉన్న కాస్త కండనూ పోగొట్టుకుని 80 కిలోలకు దిగితే కాటా సంతోషపడుతుంది, అంతే. మూడు నెలలు ట్రెడ్‌మిల్ ఒక్కటే అన్న సలహా మీద నాకు కోపం అందుకే.

అలవాటు గురించి మీరన్నది మాత్రం పూర్తిగా ఒప్పుకుంటా.

తాలీం మనిషి:
ఒళ్లున్నోనికి గాదె ఉందన్నారు, ఒప్పుకుంటుండా, నా కండ్ల ముందు కూడా అట్లాంటోళ్లు ఇద్దరున్నారు. కానీ మా తాలీంకు వచ్చే పిల్లోళ్లు 58 కిలోలుంటారు, చేతులు కట్టెల మాదిరి, పొట్ట మాత్రం ముందుకుంటది. వాళ్లను కూడా తిండి తగ్గించమంటారా? ఇంకోటి, ప్రొటీన్ ప్రొటీన్ అని డబ్బాల్లో పొడి అమ్మేటోళ్లతో యమ బాధగా ఉంది. హైదరాబాదు పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఆ పొడులు వద్దనే చెప్పింది గదా.

అనంత ఫిజియో:
ఆ పిల్లల విషయంలో మీ మాటే సరి. వాళ్లకు తిండి తగ్గించకూడదు. ఒంటికి సరిపడా తిని, ప్రొటీన్ పెంచి, బరువులెత్తితే పొట్ట నెమ్మదిగా దానంతటదే సర్దుకుంటుంది. పొడి కూడా అక్కర్లేదు. అదే సంస్థ 2020లో చెప్పిన రోజువారీ ప్రొటీన్ లెక్క కిలోకు 0.83 గ్రాములు, అది మామూలు ఆరోగ్యవంతులకు సరిపోయే లెక్క. బరువులెత్తుతూ బరువు తగ్గేవాళ్లకు 1.6 గ్రాముల దాకా పనికొస్తుంది. ఒళ్లున్నవాళ్లు ఇప్పటి బరువుకు కాదు, చేరాలనుకునే బరువుకు లెక్క వేసుకోవాలి. బురుజు నీడ గారికి 75 కిలోలనుకుంటే 120 గ్రాములు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరునడగకుండా ఈ లెక్క జోలికి పోవద్దు.

కోడుమూరు ఆడపడుచు:
120 అంటే భయపడొద్దు తమ్ముడూ. నాలుగు గుడ్లకు 24. పచ్చి చికెన్ 150 గ్రాములకు 33 దాకా. ఎండు మీల్‌మేకర్ 40 గ్రాములకు 20, ఉలవలు 60 గ్రాములకు 13. రెండు జొన్నరొట్టెలకు, అంటే 120 గ్రాముల పిండికి, 12. గడ్డ పెరుగు 300 గ్రాములకు 9. అప్పుడే 111 అయింది, పప్పు ఇంకా కలపలేదు. శనివారం, కార్తీకమాసం చికెన్, గుడ్లు లేనప్పుడు మీల్‌మేకర్, పెసలు, పెరుగు పెంచుతా. ఆ రోజుల్లో 80 దాటడం కష్టమే, నెలంతా చూసుకుంటే సరిపోతుంది.

బుడ్డల (వేరుశనగల) దగ్గర మాత్రం జాగ్రత్త. మన వైపు బలమంటే బుడ్డలే. వంద గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే, దాంతో పాటు 560 కేలరీలు వస్తాయి. టీవీ ముందు కూర్చుని ఒలుచుకుంటూ పోతే వంద గ్రాములు తెలియకుండా అయిపోతాయి. నా మొదటి మూడు నెలలు అట్లే పోయినాయి. ఉగ్గానిది కూడా ఇదే కథ. బొరుగులతో పేచీ లేదు, నూనెలో మునిగిన ఆ నాలుగు బజ్జీలతోనే. ఉగ్గాని సగం ప్లేటు పెట్టుకుని పక్కన బజ్జీకి బదులు రెండు గుడ్లు తింటే రుచికీ లోటుండదు.

అనంత ఫిజియో:
అక్క చెప్పినంత బాగా నేను చెప్పలేను. బురుజు నీడ గారూ, ముందు బీపీ, షుగర్ ఒకసారి చూపించుకోండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే తిండి తగ్గించేముందు డాక్టరుకు చెప్పాలి, కొన్ని మాత్రలతో షుగర్ మరీ పడిపోతుంది. ఇప్పుడు తినేదాంట్లోంచి రోజుకు 400, 500 కేలరీలు తగ్గితే చాలు. బజ్జీలు, టీల్లో చక్కెర తీసేస్తే చాలా మటుకు అక్కడే వచ్చేస్తుంది. బరువులకు ఐదు కదలికలు చాలు: కుర్చీ మీదికి కూర్చొని లేవడం, తోయడం, లాగడం, నడుము నిటారుగా ఉంచి వంగి నేల మీది బరువు ఎత్తడం, బరువు పట్టుకుని నడవడం. ఒక్కోటి రెండు మూడు విడతలు, విడతకు 8 నుంచి 12 సార్లు. ఇంకో రెండుసార్లు చేయగలను అనిపించినప్పుడే ఆపేయాలి. ఊపిరి బిగబట్టొద్దు. 12 సార్లు తేలిగ్గా వస్తున్నప్పుడు కొద్దిగా బరువు పెంచాలి. మొదటి వారాల్లో బలం గబగబా పెరుగుతుంది, అది కండ పెరగడం వల్ల కాదు, నరాలు పని నేర్చుకోవడం వల్ల. ఆ ఉత్సాహంలో బరువు ఎక్కువ వేసుకుని నడుము పట్టేసుకున్నవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు.

మీరు రాత్రి పదిన్నరకు తింటున్నారు, మరి పడుకునేది ఎప్పుడు? 2010లో చికాగో యూనివర్సిటీవాళ్లు ఒకేలా తిండి తగ్గించినవాళ్లను రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోబెట్టి చూశారు. బరువు దాదాపు అంతే తగ్గింది. తక్కువ నిద్ర ఉన్నప్పుడు మాత్రం పోయింది ఎక్కువగా కొవ్వు కానిదే.

బురుజు నీడ (ఏడు వారాల తర్వాత):
ఏమైందో చెప్దామని వచ్చినా. 96 నుంచి 93.4. నడుము 42 నుంచి 40. కుర్చీ లేకుండానే గుంజీలు తీస్తుండా, మోకాళ్ల నొప్పి లేదు. బట్టల మూట గోడౌన్ నుంచి నేనే మోసుకొస్తుండా, ముందు పనివాణ్ణి పిలిచేవాణ్ణి. ట్రైనర్‌కు ఇక్కడ రాసిందంతా చూపించినా. మొదట ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు పక్కనుండి చేయిస్తుండాడు.

బాటసారి అన్న అన్నదీ జరిగింది. పెళ్లిళ్ల సీజన్లో కొట్టు పదకొండుకు మూస్తుండాం, పద్దెనిమిది రోజుల్లో నాలుగుసార్లే పోయినా. అక్క చేసినట్టు వారానికి మూడు రోజులు నా వల్ల కావడం లేదు. రెండు రోజులకు తగ్గిస్తే లాభముంటుందా?

అనంత ఫిజియో:
ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది కూడా బరువులు వారానికి కనీసం రెండు రోజులే, దాంతోపాటు వారం మొత్తానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటిది. సోమవారం, గురువారం అని ఖాయం చేసుకోండి. పెళ్లిళ్ల సీజన్ అయినా ఆ రెండూ వదలొద్దు.

పాలకొండల బాటసారి:
రెండు రోజులంటే నిలుస్తుంది తమ్ముడూ. ఫిజియో గారూ, 52 ఏళ్లవాణ్ణి, చెయ్యి ఆనించకుండా లేవాలంటే నేను ఎంత ఎత్తు కుర్చీతో మొదలుపెట్టాలి?