వేసవిలో విజయనగరం: పాట కోసం వెళ్తే ఏం చూడాలి, ఎలా తిరగాలి?

బరంపురం బావి వీధి:
సెలవుల్లో ఇద్దరు పిల్లలతో మూడు రోజులు విజయనగరం వెళ్ళాలని ఉంది. పాప గాత్రం, బాబు వయొలిన్ నేర్చుకుంటున్నారు. గుళ్ళూ గోపురాలూ చూసి వచ్చేయడం కాకుండా సంగీతం పరంగా వాళ్ళకి ఏమేం చూపించొచ్చు? ఎండలో ఎప్పుడు తిరగాలి? పాపకి వీణ కొనే ఆలోచన కూడా ఉంది, బొబ్బిలి వెళ్తే మంచిదేనా? తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

శ్రుతిపెట్టె:
ముందు సంగీత కళాశాల అండీ, మిగతావన్నీ తర్వాత. 1919లో విజయనగరం రాజు విజయరామ గజపతి పెట్టించారు. చూపులేని ఒక కుర్రాడు సంగీతం నేర్చుకోవాలని అడగడంతో మొదలైంది. మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. అప్పుడే వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే అధ్యక్షులయ్యారు. ఘంటసాల మధూకరం చేసుకుంటూ చదువుకున్నది ఇక్కడే. సుశీలగారిది ఈ ఊరే, ఈ కళాశాలే. ఈ సంగతులు పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి. లేకపోతే వాళ్ళకి అదొక పాత భవనం, అంతే.

అది నడుస్తున్న ప్రభుత్వ కళాశాల, ప్రదర్శనశాల కాదు. ఆఫీసులో అడిగి లోపలికి వెళ్ళాలి. పాఠం జరుగుతుంటే గుమ్మంలో నిలబడొద్దు, ఫోన్ తీయొద్దు. వేసవి సెలవుల తేదీలు ఏటా మారతాయి కాబట్టి టికెట్టు కొనకముందే కళాశాలకి ఫోన్ చేసి కనుక్కోండి. పిల్లలకి పాఠాలు వినిపించడమే ముఖ్యమైతే సెలవులు ఇచ్చేలోపే వెళ్ళాలి.

చేర్పించే ఆలోచన కూడా ఉంటే సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు. మన గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పిల్లలకి అడ్డం వచ్చేది స్వరజ్ఞానం కాదు, తెలుగు చదవడం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో మాత్రం ఒడియా, ఇంగ్లీషు. సాహిత్యం (పాట మాటలు), లక్షణం (సంగీత శాస్త్రం) తెలుగు అక్షరాల్లో ముందు పెడితే ఆగిపోతారు. ఒడియా లిపిలో రాసుకుంటే గడిచిపోతుందని కొందరు అనుకుంటారు. కానీ అక్కడ ఎ-ఏ, ఒ-ఓ తేడాకి వేరే అక్షరాలు లేవు. పాడేటప్పుడు మాట పొట్టిదో పొడుగుదో తెలియక తాళంలో తడబడతారు. ఈ వేసవిలో గుణింతాలు, ఒత్తులు గట్టిగా చేయించండి.

నౌపడా లైను:
రైళ్ళ సంగతి నేను చెప్తాను. బరంపురం నుంచి విజయనగరం రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌లో మూడు నుంచి నాలుగు గంటలు. పొద్దున్నే బయల్దేరితే సరిగ్గా మిట్టమధ్యాహ్నం దిగుతారు. పిల్లలు ఆ ఉక్కలోనే డీలా పడిపోతారు. మధ్యాహ్నం రైలెక్కి సాయంత్రం దిగడం మేలు. ఆ రైల్లో ఎడమ కిటికీ వైపు కూర్చోండి, పడమటి ఎండ కుడివైపు కొడుతుంది. పొద్దుటి తిరుగు ప్రయాణంలో కూడా ఎడమవైపే, అప్పుడు ఎండ తూర్పున ఉంటుంది.

గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళకి విశాఖ పాసింజరు ఉంది. పాతపట్నం, టెక్కలి, నౌపడా మీదుగా నేరుగా విజయనగరం చేరుస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి నీళ్ళు ఇంటి దగ్గరే నింపుకోండి. రాయగడ నుంచి వచ్చేవాళ్ళది అన్నిటికన్నా మంచి దారి. పార్వతీపురం, బొబ్బిలి దాటాకే విజయనగరం. వీణ పని చూడాలంటే దారిలోనే దిగిపోవచ్చు, వెనక్కి తిరగక్కర్లేదు.

జయపురం ఘాటు:
కోరాపుట్, జయపురం వైపు నుంచి కారులోనో బస్సులోనో వచ్చేవాళ్ళు సుంకి దాటాక సాలూరు ఘాటు దిగాలి. పిల్లలకి వాంతులయ్యేది అక్కడే. పొట్ట నిండా తినిపించి బయల్దేరదీయకండి. తెల్లవారుజామున బయల్దేరితే లారీల వెనక ఆగే బాధ తక్కువ. సాలూరులో ఆగి పలహారం చేయండి. ఘంటసాలకి గురువైన పట్రాయని సీతారామశాస్త్రి గారిని సాలూరు చిన గురువుగారు అనేవారు. సాలూరి రాజేశ్వరరావు గారి శివరామపురం కూడా ఆ పక్కనే. 1936 దాకా జయపురం, కోరాపుట్ విశాఖపట్నం జిల్లాలోవే కాబట్టి మన పెద్దల పాటకి, ఆ ఊళ్ళ పాటకి మధ్య గీత లేదు.

పనసకర్ర:
వీణ కొనేటట్టయితే బొబ్బిలి ఊళ్ళో కాదు, పక్కనున్న గొల్లపల్లి వెళ్ళాలి. చేసేది సర్వసిద్ధి వంశం వాళ్ళు. కర్ర పనస. కుండ (గుండ్రటి పెద్ద భాగం), దండి (పొడుగాటి మెడ), యాళి (చివర చెక్కిన తల) మొత్తం ఒకే దుంగలో తొలిస్తే అది ఏకాండి వీణ, విడివిడిగా చేసి అతికిస్తే అతుకు వీణ. నేర్చుకునే పిల్లకి మంచి అతుకు వీణ చాలు. అయితే అతుకు దగ్గర వేలు పెట్టి తడిమి చూడండి, గీత తగలకూడదు.

చూడవలసినవి ఇవీ. మొదట కర్ర ఆరిందా లేదా. పచ్చి పనసతో చేసింది కొన్న రోజు బాగానే పలుకుతుంది, మరుసటి వేసవికి కుండ పగుళ్ళిస్తుంది. కర్ర కోసి ఎన్నాళ్ళయిందో నేరుగా అడగండి, మంచి పనివాడు దాచడు. తర్వాత సారణి తీగ (వాయించే ముఖ్యమైన తీగ) విడిగా మీటి, పన్నెండో మెట్టు మీద మీటండి. సరిగ్గా పై షడ్జం పలకాలి. కాస్త తేడా ఉన్నా మెట్ల అమరిక తప్పిందన్న మాట. ఆ తర్వాత ఇరవై నాలుగు మెట్లూ వరసగా మీటండి. ఎక్కడైనా గొరగొరమంటే ఆ మెట్టు పక్క మెట్టుకన్నా కిందికి దిగి ఉంది. తీగలు బిగించే బిరడాలు తిప్పి వదిలితే వెనక్కి జారకూడదు. చివరగా గుర్రం (తీగలని ఎత్తి పట్టే చెక్క) మీది ఇత్తడి రేకు చూడండి, తీగలు ఆనే చోట గాడి పడి ఉండకూడదు.

వేసవిలో అసలు ప్రమాదం మైనం దగ్గర. మెట్లు కర్రకి నేరుగా దిగ్గొట్టరు. మైనంలో బొగ్గుపొడి కలిపి గట్టు కట్టి దాని మీద నిలబెడతారు. ఎండలో ఆపిన కారులో వీణ ఉంచితే ఆ గట్టు మెత్తబడుతుంది. ఆ మెత్తదనం మీద గమకం కోసం తీగ పక్కకి లాగారంటే మెట్టు పక్కకి ఒరుగుతుంది. మళ్ళీ మేళం కట్టించడమే (మైనం వేసి మెట్లు తిరిగి అమర్చడం), ఇంట్లో సరిచేసుకునే పని కాదు. బరంపురంలో అది చేసేవాళ్ళని వెతకడమే ఒక పని. అందుకని కొన్న రోజే పొద్దున్నో సాయంత్రమో రైలెక్కించండి. దండి కింద బిగించే బుర్ర విప్పి వేరే గుడ్డలో చుట్టండి. తీగలు ఒక స్వరం మేర దించండి. నూలు దుప్పటి చుట్టి కింది బెర్తు మీద, గోడవైపు దండి ఆనేలా పడుకోబెట్టండి. కిటికీ ఎండ పడకూడదు. సామాన్ల పెట్టెలో మాత్రం వేయొద్దు.

ఇంకొక సంగతి. అడుగు, రెండడుగుల బుల్లి వీణలు కూడా అక్కడ చేస్తారు, బహుమతికి చాలా అందంగా ఉంటాయి. అవి వాయించడానికి కాదు. పిల్ల చిన్నది కదా, చిన్న వీణ సరిపోతుందని తీసుకోకండి. వాయించే వీణ వెళ్ళిన రోజే చేతికి రాదు, వారాల పని. ముందు చెప్పి, కొలత ఇచ్చి, తయారయ్యాక వెళ్ళండి.

కచేరి కబురు:
"వేసవిలో విజయనగరంలో పాట ఏముంటుంది, సిరిమాను వేళకి రండి" అంటారు చాలామంది. దసరా తర్వాత వచ్చే పైడితల్లి జాతర ఎంతో గొప్పది, కానీ ఆ జనంలో పిల్లలకి పాట వినిపించడం కుదరదు. వేసవే నయం అంటాను. పంచాంగం చూసుకుని వెళ్ళండి. శ్రీరామనవమి పందిళ్ళలో హరికథలు ఉంటాయి, దాసుగారి ఊళ్ళో హరికథ వినడం పిల్లలకి దక్కవలసిన భాగ్యం. వైశాఖ శుద్ధ సప్తమి త్యాగరాజ జయంతి, వైశాఖ పూర్ణిమ అన్నమయ్య జయంతి. ఈ తిథుల చుట్టూ వారం రోజుల్లో కార్యక్రమాలు పడే అవకాశం ఎక్కువ. ఆనందగజపతి ఆడిటోరియం, గురజాడ కళాభారతి బయట బోర్డులు చూడండి, పేపరు జిల్లా పేజీలో నేటి కార్యక్రమాలు చూడండి. చాలావాటికి టికెట్టు ఉండదు. ఆరున్నర అని వేస్తే ఆరింటికే వెళ్ళి ముందు వరసల్లో, ఫ్యాను కింద కూర్చోండి. బాబుకి వయొలిన్ వాయించేవారి కమాను చెయ్యి కనబడేలా చోటు చూడండి.

కోటగుమ్మం:
ఎండకి తగ్గ వరస ఇదీ: తెల్లవారి ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా తిరగడం, తర్వాత గదిలో ఉండి నాలుగున్నరకి మళ్ళీ బయటపడటం. ఇక్కడి వేడి అంకెల్లో పెద్దగా కనిపించదు, ఉక్కపోతే మనిషిని పీల్చేస్తుంది. మజ్జిగలో ఉప్పు వేసి పట్టండి. మే నెలలో సాయంత్రాలు గాలివాన పట్టుకుంటుంది, కరెంటు పోతుంది. గది తీసుకునేటప్పుడు జనరేటరు ఉందా అని అడగండి.

కోట 1713 నాటిది. నగారాఖానా గుమ్మం దగ్గర ఆగి, రాజులు వచ్చేటప్పుడు పైనుంచి నగారాలు మోగించేవారని పిల్లలకి చెప్పండి. లోపల మాన్సాస్ ట్రస్టు కళాశాలలు నడుస్తున్నాయి కాబట్టి ఎక్కడ పడితే అక్కడికి వెళ్ళనివ్వరు. ఔఖానా అనే రాతి కట్టడం ఎనిమిది పలకలు, యాభై అడుగుల ఎత్తు, రాజుల స్నానశాల. గురజాడ ఇల్లు కోటకి దగ్గరే. గంటస్తంభం దగ్గర సాయంత్రం బజారు, అక్కణ్ణుంచి అయ్యకోనేరు గట్టు మీద నడక. రామతీర్థం పన్నెండు కిలోమీటర్లు. కొండ ఎక్కాలనుకుంటే ఏడు లోపు మొదలుపెట్టండి, బండ కాలిందంటే చెప్పులు విప్పి నడవలేరు. సువర్ణరేఖ మామిడి, తాటిముంజలు ఈ కాలానివే, ముంజలు మాత్రం పొద్దున్న కొట్టినవే తినండి.

బరంపురం బావి వీధి:
అందరికీ నమస్కారాలు. ఒక్క సందేహం. బాబు వయొలిన్ కూడా వెంట తీసుకెళ్ళాలనుకుంటున్నాం. వీణలాగే తీగలు దించేయాలా?

శ్రుతిపెట్టె:
దించండి గాని పూర్తిగా కాదు, అర స్వరం చాలు. నాలుగు తీగలూ వదులు చేసేస్తే గుర్రం పడిపోతుంది, దాంతోపాటు లోపల నిలబెట్టే సౌండ్‌పోస్టు అనే చిన్న కర్ర కూడా ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికి తెలిసినవాళ్ళే కావాలి. వయొలిన్‌కి మైనం భయం లేదు, జిగురు భయం ఉంది. ఎండలో ఉంచితే పై పలక అంచు విచ్చుకుంటుంది. రైల్లో పెట్టె ఒళ్ళో గాని, పై బెర్తు మీద గాని పెట్టుకోండి. చెమట చేతులతో వాయించాక తీగలు పొడి నూలుగుడ్డతో తుడవకపోతే సన్నతీగ రెండు రోజుల్లో తుప్పు పట్టి తెగుతుంది. ఒక సన్నతీగ అదనంగా, బిరడాలు జారితే రుద్దడానికి చిన్న సుద్దముక్క పెట్టెలో వేసుకోండి.