కరపత్రం మీద పేరు వేయక తప్పదా? ఒక మామిడి రైతు సందేహం

ప్రశ్న (దామలచెరువు రైతు):
అందరికీ నమస్కారం. 2024 శాసనసభ ఎన్నికలప్పుడు మా ఊరి రైతులం కొందరం చందాలు వేసుకొని, తోతాపురికి గిట్టుబాటు ధర ఇప్పిస్తామని మాట తప్పిన అభ్యర్థికి ఓటు వేయవద్దంటూ కరపత్రం వేయించాలనుకున్నాము. అంతా కలిపి ఆరు వేల రూపాయల పని. చిత్తూరులోని ఒక ప్రెస్సు యజమాని, ప్రచురించేవారి పేరు, చిరునామా కాగితం మీదే ఉండాలనీ, ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలతో డిక్లరేషను కావాలనీ అన్నారు. పేరు వేస్తే రేపు మండీలో కాయను ఎవరూ ముట్టరన్న భయంతో అందరూ వెనక్కు తగ్గారు. ఖర్చు లెక్కల కోసం పెట్టిన నియమం మా నోరు కట్టేసినట్లు కాలేదా?

జవాబు (ప్రెస్సు నిర్వాహకుడు, చిత్తూరు):
ఆ ప్రెస్సు యజమాని చెప్పినది సరైనదే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను ప్రకారం, ఇది తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్ని ప్రతులు వేశామో, ఎంత తీసుకున్నామో రాసి, కరపత్రం ఒకటి జతచేసి కలెక్టరుకు మేమే పంపుకోవాలి. మీది తిరుపతి జిల్లా అయినా, అచ్చు చిత్తూరులో కాబట్టి ఆ కాగితాలు చిత్తూరు కలెక్టరేటుకే వెళతాయి. సభ తేదీ, వేళ, చోటు మాత్రమే తెలిపే పోస్టర్లకు ఈ బాధ లేదు.

జవాబు (న్యాయవాది, తిరుపతి):
పాత శిక్షాస్మృతి స్థానంలో ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షను కూడా చూడండి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం ప్రకటనలపై ఖర్చు పెట్టినవారికి పది వేల వరకు జరిమానా. పాత శిక్షాస్మృతిలోని ఐదు వందలను ఇంతగా పెంచినవారు, ముందు ఖర్చు పెట్టి తరువాత అభ్యర్థి ఆమోదం తెచ్చుకోవడానికి ఉన్న హద్దును మాత్రం పది రూపాయల దగ్గరే వదిలేశారు! అయితే ఓడించమని అడిగే కరపత్రం దీని కిందికి నేరుగా రాదు. మీకు ప్రధానంగా వర్తించేది 127ఎ.

భావప్రకటన స్వేచ్ఛ సంగతికి వస్తే, 2018లో మొదలైన ఎన్నికల బాండ్ల ద్వారా పార్టీలకు కోట్లు ఇచ్చినవారి పేర్లు ఓటరుకు ఆరేళ్లు తెలియలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేస్తూ, పార్టీల డబ్బు ఎక్కడిదో తెలుసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఓటరుకు ఇచ్చిన హక్కేనన్నది. మీ నోటికి రక్షణ ఇచ్చే అధికరణమే పేరు చెప్పమని కూడా అడుగుతున్నదన్నమాట. కానీ ఇరవై వేలు మించని విరాళం ఇచ్చినవారి పేరు పార్టీలు ఎన్నికల సంఘానికి ఈనాటికీ తెలుపనక్కరలేదు. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉన్నా, పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. పార్టీకి పంతొమ్మిది వేలు ఇచ్చినవారికి ఉన్న మరుగు, ఆరు వేల కరపత్రం వేయించే రైతుకు ఎందుకు ఉండరాదో నాకు అర్థం కాదు.

జవాబు (పుత్తూరు పాఠకుడు):
అమెరికా సుప్రీంకోర్టు 1995లో మాకింటైర్ కేసులో, పాఠశాల పన్నుకు వ్యతిరేకంగా పేరు లేని కరపత్రాలు పంచిన మహిళకు వేసిన వంద డాలర్ల జరిమానాను రద్దు చేసింది. అదే కోర్టు 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో కంపెనీల ప్రచార ఖర్చుకు దారి తెరిచినా, ప్రకటన వెనుక ఎవరున్నారో చెప్పాలన్న నియమాన్ని తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది సమర్థించారు. అయినా న్యాయవాది గారి వాదన నాకు మింగుడుపడటం లేదు. ఇక్కడ పేరు లేని కాగితానికి వీలిస్తే, పోలింగుకు ముందు రాత్రి కులాల మధ్య చిచ్చుపెట్టే కరపత్రాలే ఇంటింటి గడపకూ చేరతాయి. వాటిని వేయించేది రైతులు కారు.

దామలచెరువు రైతు:
చందా ఇచ్చిన అందరి పేర్లూ వేయాలా?

న్యాయవాది, తిరుపతి:
అక్కరలేదు. ప్రచురించేవారి, ముద్రించేవారి పేర్లు, చిరునామాలు చాలు. మండీతో లావాదేవీలు లేని రిటైర్డ్ మాస్టారు ఎవరైనా ప్రచురణ బాధ్యత నిజంగా తీసుకొని సంతకం పెడితే, మీ పేర్లు కాగితం మీదికి ఎక్కవు. రాసిన ప్రతి మాటకూ ఆధారం మాత్రం ఆయన దగ్గర ఉంచండి.