మడత కత్తులు ఎన్ని రకాలు చెయ్యాలి?

కొలిమి_హనుమకొండ:
మా నాయన కమ్మరి. కర్రులు, కొడవళ్లు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక కొలిమి చల్లారింది. నేను జేబులో పట్టే మడత కత్తులు మొదలుపెడుతున్నా. పన్నెండు డిజైన్లు గీసుకున్నా. కొనేవాళ్లుగా మీకేం కావాలి?

సానరాయి:
పన్నెండు ఎక్కువేం కాదు. ఫ్రాన్సు కత్తుల కంపెనీ ఒపినెల్ వాళ్లు 1890 నుంచి దాదాపు ఒకటే ఆకారం చేస్తున్నారు, కానీ సైజులు బోలెడు. 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అదే కత్తి కార్బన్ స్టీలులోనూ ఉంది, స్టెయిన్‌లెస్‌లోనూ ఉంది. ఎంచుకునే వీలు లేకపోతే నాలాంటివాడు రెండో కత్తి ఎందుకు కొంటాడు? డీ2 స్టీలు (పనిముట్లకు వాడే గట్టి ఉక్కు) తప్పకుండా పెట్టు, పదును చాలా రోజులు నిలుస్తుంది.

మిర్చిరైతు_నర్సంపేట:
రెండు రకాలు చాలు. పోయినేడు ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నా. డ్రిప్ పైపు కోస్తుంటే లాక్ జారి బ్లేడు వేలి మీద మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. చూస్తే ఇరుసు స్క్రూ వదులైంది. దాని తలకాయలో నక్షత్రం లాంటి గాడి. నాలుగు షాపులు తిరిగినా దానికి పట్టే స్క్రూడ్రైవర్ దొరకలేదు. కత్తి ఇప్పటికీ అటక మీదే ఉంది.

ఎడమచేతి_వాటం:
లైనర్ లాక్, అంటే పిడి లోపలి రేకు బ్లేడును ఆపే రకం, పెడితే మాకు కష్టం. కుడిచేతి బొటనవేలికి అందేలా చేస్తారు. మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు.

సానరాయి:
అన్నా, స్క్రూ సంగతి తర్వాత. కార్బన్ స్టీలుతో మామిడికాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది. డీ2లో క్రోమియం 11 నుంచి 13 శాతం, అంత తొందరగా తుప్పు పట్టదు.

మిర్చిరైతు_నర్సంపేట:
నల్లబడితే ఏమైతది? తుడిచి నూనె రాస్తా. మా ఇంట్లో కత్తిపీట ఎప్పటినుంచో నల్లగానే ఉంది, మంచిగ తెగుతది. నీ డీ2ని మా బాయి కాడి రాయి మీద నూరి చూడు, చేతులు పడిపోతాయి.

సానరాయి:
మళ్లీ నూరుడేనా! నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. మంచి ఉక్కుకు ధర పెట్టిన నేల ఇది.

మిర్చిరైతు_నర్సంపేట:
ధర అంటున్నావు కాబట్టి చెప్తున్నా. మూడు వందలు దాటితే మా ఊళ్లో ఎవరూ కొనరు.

కొలిమి_హనుమకొండ:
మూడు వందలా? ఒక్క కత్తికి నాకు రోజున్నర పడుతుంది. బ్లేడు మూసినప్పుడు మొన లోపలికి దిగాలి, తెరిచినప్పుడు కదలకూడదు. వెంట్రుకంత తేడా వస్తే మళ్లీ మొదటికే. మా నాయన ఏడాదంతా కర్రులు కాల్చి సాగగొడితే కళ్లం కాడ మేర గింజలు పోసేవాళ్లు, అవీ తాలు కలిపి. మళ్లీ అదే బేరమా? మీరు కత్తి రేటు మాట్లాడట్లేదు, కమ్మరి రేటు మాట్లాడుతున్నారు.

మిర్చిరైతు_నర్సంపేట:
తాలు కలిపినోళ్లది తప్పే తమ్మీ, కాదనను. మరి మా నాయన మేర పోసింది ఒక్క కర్రుకే అనుకున్నావా? అది విరిగితే అదే పూట అతుకు పెట్టించుకున్నందుకు కూడా. నా వేలు తెగినప్పుడు కత్తి పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలో తెలియలేదు, నా కోపమంతా అది. వెయ్యి అడుగు, ఇస్తా. మళ్లీ తెస్తే బాగు చేస్తావా?

సానరాయి:
ఒంటరిగా చేసేవాడు ఆ మాట ఇస్తే మునిగిపోతాడు. పన్నెండు రకాలకు పన్నెండు స్ప్రింగులు, పన్నెండు ఇరుసులు ఎక్కడ దాచుకుంటాడు?

ఎడమచేతి_వాటం:
పన్నెండు కావాలన్నది మీరే కదా సార్.

సానరాయి:
అవును, అన్నాను. డిజైన్ల వరకే ఆలోచించా. ఇరుసు, స్ప్రింగు అన్నిటికీ ఒకటే పెట్టి, పిడి ఒక్కటి మార్చవచ్చేమో.

కొలిమి_హనుమకొండ:
మార్చవచ్చు. వీపు మీద నొక్కే లాక్ పెడితే ఏ చేతికైనా ఒకటే. స్క్రూకి మామూలు గాడి కోస్తా, చాకు మొనతో కూడా తిరగాలి. ముందు రెండే చేస్తా, కార్బన్ స్టీలులో. బాగు చేసే బాధ్యత నాది, రేటు మాత్రం తగ్గించను. నర్సంపేట అన్నా, ఆ అటక మీది కత్తి హనుమకొండ వచ్చినప్పుడు తీసుకురా. లాక్ ఎక్కడ జారిందో చూస్తా.