రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత చేతికి వాపు: ఎంత పని చేయనివ్వాలి?

ప్రశ్న (గుంటూరు కోడలు)

మా అత్తగారికి 61 ఏళ్లు. పది నెలల క్రితం కుడి రొమ్మును, చంకలోని లింఫు గ్రంథులను తొలగించారు. కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయ్యాయి. పదిహేను రోజులుగా సాయంత్రానికి కుడి చేయి బరువెక్కుతోందని, గాజుల అచ్చులు పడుతున్నాయని అంటున్నారు. పరామర్శకు వచ్చిన బంధువులు ఆ చేత్తో చెంబు కూడా ఎత్తవద్దని చెప్పి వెళ్లినప్పటి నుంచి ఆమె చేతిని ఒడిలో పెట్టుకొనే కూర్చుంటున్నారు. ఇప్పుడు రవిక తొడుక్కోవడానికి కూడా భుజం లేవడం లేదు. అయినా ఈ ఏడు ఆవకాయ మాత్రం తానే పెడతానంటున్నారు. ఏం చేయాలి?

జవాబు (ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్)

ముందుగా ఆమెను చికిత్స చేసిన వైద్యులకు చూపించండి. వాపు కొత్తగా మొదలైనప్పుడు అది లింఫు ద్రవం నిలవడం వల్లనా, రక్తం గడ్డకట్టడం వంటి మరో కారణం వల్లనా అన్నది పరీక్షించి తేల్చవలసిందే. చంకలోని గ్రంథులను తీసివేస్తే చేతి నుంచి ద్రవం వెనుదిరిగే దారులు తగ్గుతాయి కాబట్టి, ఈ వాపు నెలల తరువాతే కాదు, ఏళ్ల తరువాత కూడా రావచ్చు.

చేతిని కదపకుండా ఉంచడం మాత్రం మేలు చేయదు, భుజం బిగుసుకుపోతుంది. ఇటువంటి వాపు ఉన్న 141 మంది స్త్రీలతో జరిపిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. శిక్షకుల పర్యవేక్షణలో, బిగుతు తొడుగు వేసుకొని, బరువులను కొద్దికొద్దిగా పెంచుతూ వ్యాయామం చేసినవారికి వాపు పెరగలేదు సరికదా, బలం పెరిగి బాధలు తగ్గాయి. అలాగని ఒక్కసారిగా బిందె ఎత్తమని కాదు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద పైకి పాకించడం వంటి తేలిక కదలికలతో మొదలుపెట్టించండి. తొడుగును కొలతలు తీయించి మాత్రమే కొనండి. సరిపోనిది వేస్తే చెరుపే. నూనె రాసి గట్టిగా పిసకడం వద్దు.

జవాబు (వరంగల్ నుంచి)

నాకు ఈ వాపు మొదలై ఆరేళ్లయింది. వారానికొకసారి ఉదయం రెండు చేతులనూ ఒకే గుర్తుల దగ్గర టేపుతో కొలిచి క్యాలెండర్ మీద రాసుకుంటాను, ఎందుకంటే వాపును కంటికంటే టేపే ముందు పసిగడుతుంది. బిగుతు గాజులు తీసేశాను. నలుగురి మాటలకంటే అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. అంట్లు తోమేటప్పుడు గ్లవుజులు వేసుకుంటాను. ఒకసారి కత్తిపీట గాటును పట్టించుకోకపోతే రెండు రోజుల్లో చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. అటువంటి లక్షణం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ఇంకొక మాట, ఆమెను వంటగదిలోంచి పూర్తిగా తప్పించకండి. నన్ను అలా కూర్చోబెట్టిన మూడు నెలలూ కీమో రోజులకంటే బరువుగా గడిచాయి.

గుంటూరు కోడలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సోమవారం వైద్యులను కలుస్తున్నాం. ముక్కలు బజారులోనే కొట్టించి తెస్తామని, ఉప్పూ కారం పాళ్లు ఆమె చెబితే నేను కలుపుతానని అన్నాను. పాళ్లు చెప్పడానికి ఒప్పుకున్నారు గానీ, నా కలపడం మీద ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు.